డెబియన్ ప్యాకేజీ రెండుసార్లు వెనక్కి వచ్చింది, ఏ గైడ్ పట్టుకోవాలి?

చౌరస్తా_డీటీపీ

అందరికీ నమస్తే. నాది హనుమకొండ, బీటెక్ ఆఖరి సంవత్సరం. మా చిన్నాయనకు చౌరస్తా దగ్గర డీటీపీ షాపు ఉంది. ఇరవై ఏళ్ల నుంచి పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ 'అను' అనే పాత తరహా (యూనికోడ్ కాని) తెలుగు ఫాంట్లలోనే కొట్టాడు. ఆ మ్యాటర్ తీసి వాట్సాప్‌లో పెడితే అంతా పిచ్చి అక్షరాలే. అందుకే దాన్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశాను, షాపులో రోజూ వాడుతున్నారు. ప్యాకేజీ చేసి డెబియన్ అనే లినక్స్‌లోకి ఎక్కిస్తే అక్కడి నుంచి ఉబుంటుకు కూడా వస్తుంది కదా అని ఐటీపీ బగ్ (ఈ ప్యాకేజీ నేను చేస్తానని ఇచ్చే నోటీసు) తెరిచి, మెంటర్స్ సైట్‌లో పెట్టి, నా తరఫున ఎక్కించే స్పాన్సర్‌ను అడిగాను.

అసలు ఇంట్లో బిల్డ్ కావడానికే రెండు రాత్రులు పట్టింది. పాత గైడ్ చూసి కంపాట్ అనే ఫైల్‌లో డెబ్‌హెల్పర్ (ప్యాకేజీ కట్టే సాధనం) స్థాయి నంబర్ రాశాను, తర్వాత ఇంకో గైడ్ చూసి కంట్రోల్ ఫైల్‌లో డెబ్‌హెల్పర్-కంపాట్ 13 అని రాశాను. రెండు చోట్లా ఉంటే దాని డీహెచ్ కమాండ్ ముందుకు కదలదని చాలా సేపటికి గానీ తెలియలేదు. అది దాటి పంపితే, బిల్డ్ మధ్యలో నెట్ నుంచి లైబ్రరీ దించుతున్నావు, కుదరదు అన్నారు. అదీ సరిచేసి మళ్లీ పంపితే ఈసారి, పాత అక్షరాలను యూనికోడ్‌కు జతచేసే ఈ అక్షరాల పట్టిక ఎక్కడిది, టెస్టుల ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్‌కు లైసెన్స్ ఏది అని అడిగారు. పట్టిక ఎప్పుడో ఒక బ్లాగులో దొరికింది, ఇప్పుడు ఆ బ్లాగే లేదు.

పాలసీ, డెవలపర్స్ రిఫరెన్స్, మెయింటెయినర్ల గైడ్, వికీ... ఒక్కోటి ఒక్కో తీరుగా చెబుతుంటే ఏది పట్టుకోవాలి? ఇంత చిన్న ప్రోగ్రాంకు కాపీరైట్ గురించి ఇంత లోతుగా చూస్తారా?

మానేరు_ఒడ్డు

తమ్ముడూ, టెన్షన్ పడకు, నువ్వు చెప్పిన మూడు దెబ్బలూ మేమంతా తిన్నవే. నేను కరీంనగర్ నుంచి, రెండు చిన్న ప్యాకేజీలు చూసుకుంటున్నాను.

అవన్నీ ఒకే స్థాయివి కావు. కట్టుబడాల్సింది డెబియన్ పాలసీకి. అందులో కూడా మస్ట్, షుడ్, మే అనే మాటలను ఊరికే వాడలేదు. మస్ట్ అన్నది తప్పితే ఆ ప్యాకేజీ విడుదలకు పనికిరాదు, షుడ్ తప్పితే బగ్ కిందే లెక్క కానీ అంత తీవ్రం కాదు, మే అంటే నీ ఇష్టం. బిల్డ్ చేసేటప్పుడు నెట్ ముట్టుకోవద్దన్నది మస్ట్. ఈ రోజు దించిన లైబ్రరీ రేపు అక్కడ లేకపోతే, లేదా మారిపోతే, అదే సోర్స్ నుంచి అదే ప్యాకేజీ మళ్లీ రాదు కదా. కావాల్సిన పైథాన్ లైబ్రరీ డెబియన్‌లో ఉంటే కంట్రోల్ ఫైల్‌లోని బిల్డ్-డిపెండ్స్‌లో రాయి, లేకపోతే ముందు దాన్ని ప్యాకేజీ చేయాలి. ప్రతి ప్రోగ్రాంకూ మాన్ పేజీ (వాడకం చెప్పే పేజీ) ఉండాలన్నది షుడ్. అయినా రాసెయ్, అరగంట పని.

డెవలపర్స్ రిఫరెన్స్ మంచి అలవాట్లు చెబుతుంది. గైడ్ చేయి పట్టుకుని నడిపిస్తుంది, కానీ న్యూ మెయింటెయినర్స్ గైడ్ అన్నది పాతబడిపోయింది, దాని స్థానంలో గైడ్ ఫర్ డెబియన్ మెయింటెయినర్స్ వచ్చింది. నీకు రెండు రాత్రులు పోయింది ఈ రెంటినీ కలిపి చదివినందుకే. ఇందులో నీ తప్పు లేదు. పాత పేజీలు తీసేయకుండా వదిలేస్తే వెతికినవాళ్లకు ముందు అవే దొరుకుతాయి, ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

ప్యాకేజీలో తప్పులు పట్టే లింటియన్‌ను ఐ ఆప్షన్‌తో నడుపు, ప్రతి హెచ్చరికకూ కారణం కూడా చెబుతుంది. కంట్రోల్ ఫైల్‌లో ప్యాకేజీ వివరణ మొదటి వరుస 80 అక్షరాల లోపు ఉండాలి, కింది వరుసలు ఒక ఖాళీతో మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ వరుస కావాలంటే ఖాళీ తర్వాత ఒక చుక్క పెట్టాలి. దీని మీద నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను.

కాజీపేట_అక్క

కాపీరైట్ సంగతి నేను చెబుతాను. చిన్నదా పెద్దదా అని చూడరు తమ్ముడూ. కొత్త ప్యాకేజీ ఏదైనా న్యూ అనే తనిఖీ క్యూలో ఆగుతుంది, డెబియన్ భాండాగారాన్ని చూసుకునే ఎఫ్‌టీపీ మాస్టర్లు కాపీరైట్ ఫైల్‌ను సోర్స్‌లోని ఫైళ్లతో పోల్చి చూస్తారు. ఎందుకంటే ఆ ప్యాకేజీని ప్రపంచమంతా ఉన్న మిర్రర్లు (నకలు సర్వర్లు) పంచుతాయి, పంచే హక్కు లేనిది ఒక్క ఫైల్ ఉన్నా తప్పు అందరి మీదా పడుతుంది. 1997లో డెబియన్ రాసుకున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాల (డీఎఫ్‌ఎస్‌జీ) ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్నదానికే డెబియన్ అసలు విభాగమైన మెయిన్‌లో చోటు. తర్వాతి ఏడాది ఓపెన్ సోర్స్ నిర్వచనం కూడా దాన్నుంచే పుట్టింది.

కాబట్టి కొనుక్కున్న ఫాంట్‌ను టెస్టుల్లోంచి తీసెయ్. వేరేవాళ్ల సోర్స్ అయితే తీసేసిన ఫైళ్లను కాపీరైట్ ఫైల్‌లో ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ కింద రాసి డీఎఫ్‌ఎస్‌జీ అని వెర్షన్‌కు తోక తగిలిస్తారు, నీ సోర్స్ నీదే కనుక ఫాంట్ లేకుండా కొత్త విడుదల చేస్తే సరిపోతుంది. అసలు టెస్ట్‌కు ఫాంట్ ఎందుకు? లోపలికి పాత అక్షరాల వరుస, బయటికి యూనికోడ్ వరుస, రెండు టెక్స్ట్ ఫైళ్లు చాలు. కంటితో చూసుకోవాలంటే మన బమ్మెర పోతన పేరు పెట్టుకున్న ఫాంట్ డెబియన్‌లోనే ఉంది.

ఇంకో మాట, ఆ టెస్ట్ ఫైళ్లలో నిజం పెళ్లి పత్రికలు లేవు కదా? జనాల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే వెంటనే తీసెయ్. పట్టిక మాత్రం మళ్లీ నువ్వే తయారు చేసుకో, ఎవరిదో తెలియని దాని మీద నీ లైసెన్స్ పెట్టలేవు.

చౌరస్తా_డీటీపీ

అక్కా, ఒక పత్రిక ఉండె, పొద్దున్నే తీసేశాను. పట్టిక కోసం నిన్న రాత్రి షాపు మూశాక చిన్నాయన పక్కన కూర్చున్నాను. ఆయన ఒక్కో మీట నొక్కి ఏ ముక్క పడుతుందో చెబుతుంటే నేను రాసుకున్నాను, ఆయన కీబోర్డు వైపు చూడనే లేదు. "క్రి" దగ్గర నాకు పాత బగ్ కూడా దొరికింది. పాత పద్ధతిలో ముందు "కి" కొట్టి తర్వాత ర వత్తు తగిలిస్తారు, యూనికోడ్‌లో ర వత్తు ముందు రావాలి, గుడి చివర రావాలి. బ్లాగు పట్టికలో ఇది కొన్ని అక్షరాలకు తప్పుగానే ఉంది.

మానేరు_ఒడ్డు

ఇదే రీడ్‌మీలో రాయి, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. ఈ ప్రోగ్రాం వాడేది డీటీపీ వాళ్లే, ఏ వత్తులు సరిగ్గా మారతాయో, దేన్ని మళ్లీ చూసుకోవాలో వాళ్లకు తెలుగులోనే కావాలి. స్పాన్సర్‌కు జవాబు రాసేటప్పుడు పట్టిక ఎలా తయారైందో ఒక్క ముక్క చెప్పు, చేంజ్‌లాగ్‌లో ఐటీపీ బగ్ నంబర్‌తో క్లోజెస్ (ఆ బగ్ మూసెయ్యమనే మాట) పెట్టడం మర్చిపోకు.

చౌరస్తా_డీటీపీ

ఇంకా నలభై దాకా మీటలు మిగిలాయి అన్నా. ఈ రాత్రి అవి కూడా రాసుకుని, ఆదివారం మళ్లీ పంపిస్తాను.