కాంప్లెక్స్ వేరియబుల్స్ సైట్ మీద ఎప్పుడైనా పనికొచ్చాయా?

గుంటూరు సివిల్:
అన్నా, గుంటూరులో బీటెక్ సివిల్ చేస్తున్నాను. కాన్ఫార్మల్ మ్యాపింగ్ (కోణాలు మారకుండా ఒక ఆకారాన్ని ఇంకో ఆకారంగా మార్చడం) అని రెండు వారాలుగా బోర్డు నిండా వంకర గీతలు గీస్తున్నారు, ఎందుకు సార్ అంటే పది మార్కుల ప్రశ్న గ్యారంటీ అన్నారు. నిజంగా ఏ కట్టడానికైనా వాడారా, ఎగ్జామ్ అయ్యాక మర్చిపోవచ్చా? నాకు సిమెంటు, ఇసుక సంగతి చెప్పండి.

ఆటోనగర్ వైండర్:
మోటారుకి కెపాసిటర్ లెక్క కట్టేటప్పుడు మేం రోజూ వాడతాం కదా, జె (అదే, √-1) లేకుండా పవర్ ఫ్యాక్టర్ ఎలా వస్తుంది?

కృష్ణలంక:
అవి కాంప్లెక్స్ నంబర్లు బ్రదర్, తమ్ముడు అడిగింది అనాలిసిస్ గురించి. తమ్ముడూ, ప్రకాశం బ్యారేజీ మీద ఎన్నిసార్లు వెళ్లుంటావ్? అలాంటి కట్టడంలో పైనీళ్లను గేట్లు ఆపుతాయి సరే, కింద ఇసుకలోంచి జారే నీళ్ల మాటేమిటి? అవి కాంక్రీట్ ఫ్లోర్‌ని కిందనుంచి పైకి తోస్తాయి. 1910లో బ్లై అనే ఇంజినీరు చెప్పిన పద్ధతిలో ఆ ఒత్తిడి ఫ్లోర్ పొడవునా సమానంగా తగ్గుతూ పోతుంది. అసలు ఆ నీటి కదలిక లాప్లాస్ సమీకరణం ప్రకారం సాగుతుంది, దాన్ని విప్పేది ఈ మ్యాపింగే; అడ్డంగా పరిచిన ఫ్లోర్‌కి మీ సార్ గీసే కొసైన్ మ్యాపింగే సరిపోతుంది. లెక్క కట్టి చూడు: దిగువ వైపు పావు పొడవు మిగిలిన చోట బ్లై ప్రకారం మొత్తం ఒత్తిడిలో 25 శాతం ఉండాలి, మ్యాపింగ్‌తో 33.3 శాతం వస్తుంది. అంటే బ్లైని నమ్మి ఫ్లోర్ పల్చగా వేసేది సరిగ్గా ప్రమాదం ఉన్నచోటే! పంజాబ్‌లో అప్పర్ చీనాబ్ కాలువ సైఫన్ల దగ్గర ఒత్తిళ్లు కొలిచి చూశాక ఖోస్లా అనే ఇంజినీరు ఈ దారి పట్టాడు, 1936లో అచ్చేశాడు. ఇంకోటి, ఫ్లోర్ చివర షీట్ పైల్ (నేలలోకి నిలువుగా దించే పలకల గోడ) లేకపోతే అక్కడ గ్రేడియంట్ (నీటి ఒత్తిడి ఎంత దూరంలో ఎంత పడిపోతుందనే వాలు) అనంతం. ఇసుక లేచిపోయి బుంగ పడేది అక్కడే.

డిజైన్ ఆఫీసు:
ఇప్పుడు అన్నీ సాఫ్ట్‌వేరే అంటారు గానీ, మా దగ్గర ఒకసారి ఫ్లోర్ అంచున మెష్ (లెక్క కోసం విడగొట్టే గళ్లు) సన్నగా చేసేకొద్దీ గ్రేడియంట్ పెరుగుతూనే పోయింది, రెండు రోజులు ఇన్‌పుట్ తప్పేమో అని టెన్షన్ పడ్డాం. తప్పేం లేదు, కృష్ణలంక గారు చెప్పిన ఆ అనంతమే. ఆ వంకర గీతలు గుర్తుంటే అరగంటలో తేలేది.

గుంటూరు సివిల్:
ఇంట్లో కూర్చుని వేశాను. హెడ్ (ఎగువ, దిగువ నీటిమట్టాల తేడా) 4 మీటర్లు, ఫ్లోర్ 30 మీటర్లు, దిగువ పైల్ 3 మీటర్ల లోతు, ఖోస్లా ఫార్ములాతో ఫ్లోర్ చివర గ్రేడియంట్ 1/5.5 వచ్చింది. సన్న ఇసుకకి 1/6 నుంచి 1/7 దాటకూడదని టేబుల్‌లో ఉంది. ఫెయిలేనా?

కృష్ణలంక:
ఫెయిలే. పైల్ ఇంకో మీటరు దించు.

గుంటూరు సివిల్:
1/6.5. బొటాబొటిగా.