కోల్డ్ బ్లూ చేసిన స్క్రూలకు వారంలోపే తుప్పు: తప్పు మందుదా, నాదా?

హ్యూస్టన్_రాజు:
నా దగ్గర పాత 1911 పిస్టల్ ఒకటి ఉంది. గ్రిప్ (పిడి) స్క్రూలు నాలుగూ, స్లైడ్ స్టాపూ (పిస్టల్ పైభాగాన్ని వెనక్కి ఆపి ఉంచే మీట) నలుపు అరిగిపోయి తెల్లగా తేలాయి. సీసాలో అమ్మే కోల్డ్ బ్లూ (వేడి చెయ్యకుండానే స్టీలుకి నలుపు పట్టించే మందు) తెచ్చి, దూదితో పూసి, కుళాయి కింద కడిగి, టిష్యూతో తుడిచి పెట్టా. ఆ పూట నిగనిగలాడాయి. ఆదివారం చూస్తే స్క్రూ తల గాడిలో కారప్పొడి చల్లినట్టు ఎర్రగా ఉంది. మా ఊరి తేమ సంగతి తెలిసిందే. ఇంతకీ కోల్డ్ బ్లూ దండగేనా?

గాజువాక_లేత్‌బాబాయ్:
పిస్టల్ సంగతి నాకు తెలీదు గానీ స్టీలు సంగతి తెలుసు. మందు నీకు రంగే ఇచ్చింది, రక్షణ ఇస్తానని అది ఎప్పుడూ అనలేదు. అందులో ఉండేది ఆమ్లం, సెలీనియం, రాగి లవణాలు. స్టీలు మీద చాలా పలచని నల్ల పొర వేస్తుంది, అంతే. ఆ ఆమ్లం గాడిలో, స్క్రూ చుట్ల సందుల్లో మిగిలిపోతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది, నీకు గాడిలోనే వచ్చింది చూశావా? పూశాక వంట సోడా నీళ్ళలో ముంచు, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించు. వేడిగా ఉండగానే తీస్తే తడి దానంతటదే ఎగిరిపోతుంది, చెయ్యి చురుక్కుమనేలా ఉన్నప్పుడే నూనెలో వేసి రాత్రంతా వదిలెయ్.

డాలస్_కిరణ్:
బాబాయ్ గారూ, కడగడం వరకూ ఓకే, కానీ అసలు ఆ పొరే గోటికి పోయేలా ఉంటే ఎంత కడిగి ఏం లాభం? స్లైడ్ స్టాప్ రోజూ వేలికి తగిలేది, రెండు నెలల్లో మళ్ళీ తెల్లబడుతుంది. రస్ట్ బ్లూ చెయ్ రాజు. కావాలనే సన్నగా తుప్పు పట్టించి నీళ్ళలో మరిగిస్తే ఎర్ర తుప్పు మాగ్నటైట్ అనే నల్ల ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది, పైన వదులుగా నిలిచిన మసిని మెత్తటి వైర్ బ్రష్‌తో దులిపేసి మళ్ళీ మొదలు. నాలుగైదు సార్లు చేస్తే ఆ పొర స్టీల్లోంచే పుట్టినట్టు ఉంటుంది. స్టీల్ ఊల్ వాడితే ముందు అసిటోన్‌లో జాడించు, కొత్తదానికి నూనె అంటి ఉంటుంది, దాంతో రుద్దితే మచ్చలు మచ్చలుగా వస్తుంది.

గాజువాక_లేత్‌బాబాయ్:
నాలుగు స్క్రూలకి నాలుగు రోజులా నాయనా! స్లైడ్ స్టాప్‌కి నీ మాటే రైటు, ఒప్పుకుంటా. స్క్రూలకి మాత్రం ఒప్పుకోను. నీ మాగ్నటైట్ అయినా నూనె లేకపోతే తుప్పు పట్టాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధంలో 1911ఏ1కి (నీ 1911కే తర్వాతి రూపం) వేసిన ఫాస్ఫేట్ పూత చూడు, పార్కరైజింగ్ అంటారే, అది గరుకుగా ఉండి నూనె పట్టి ఉంచుతుంది, దాని బలం అదే.

హ్యూస్టన్_రాజు:
నూనె అంటే గుర్తొచ్చింది, నేను డబ్ల్యూడీ-40 కొట్టా. సరిపోదా?

డాలస్_కిరణ్:
అది తడిని తరమడానికి, పేరులో డబ్ల్యూడీకి అర్థమే అది. కొట్టు, తుడువు, ఆపైన అసలు గన్ ఆయిల్ రాయి. ఇంకోటి, పాత బ్లూ తీయడానికి వెనిగర్ వాడుతుంటే స్ప్రింగుల్ని మాత్రం అందులో వెయ్యకు. ఆమ్లం వల్ల హైడ్రోజన్ లోపలికి చేరి గట్టి స్టీలు పెళుసెక్కి ఎప్పుడో టక్కున విరుగుతుంది. తోలు హోల్‌స్టర్లో (పిస్టల్ ఒరలో) దాచకు, తేమ పట్టి ఉంచుతుంది. గ్లవ్స్ తప్పనిసరి, సెలీనియం విషం. మరిగించిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వకు, మా ఇంట్లో దానికి జరిగిన రభస వేరే కథ.

మలక్‌పేట_శ్రీను:
ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఒక మాట. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకి కూడా లైసెన్స్ ఉండాలి. దగ్గరుంచుకోడానికి లైసెన్స్ ఉంది కదా అని ఇంట్లో మొదలుపెట్టకండి, లైసెన్స్ ఉన్న డీలర్‌కి ఇవ్వండి.

హ్యూస్టన్_రాజు:
సరే, రెండు స్క్రూలు బాబాయ్ పద్ధతిలో, రెండు కిరణ్ పద్ధతిలో చేసి గ్యారేజీలో పెడతా. నెల తర్వాత ఫొటోలు.

డాలస్_కిరణ్:
గ్యారేజీ ఎందుకు, బాత్రూమ్‌లో పెట్టు. వారంలోనే తేలిపోతుంది.