రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టడం లేదు, ఎవురికైనా తగ్గిందా?

పాపవాళ్ళమ్మ_తిరుపతి:
అందరికీ నమస్తే. గోవిందరాజ స్వామి గుడి దగ్గర మాకు బట్టల షాపు ఉండాది, యాత్రికులు వస్తానే ఉంటారు కాబట్టి షట్టర్ వేసేసరికి 10 దాటిపోతాది. ఇంటికొచ్చి అన్నం తిని 11కి పండుకుంటా, నిద్ర రాదు, ఫోన్ తీస్తా, ఒక్క రీల్ చూసి పక్కన పెట్టేద్దాం అనుకుంటా, టైమ్ చూస్తే ఒంటిగంట. పొద్దున 6కి లేచి పాపను స్కూలుకి రెడీ చేయాల. ఆదివారం మాత్రం 10 దాకా లేవను. మూడు నెలలుగా ఇట్లే ఉంది, నిన్న పాపమీద ఊరికే అరిచేసినా, అది భయపడి మూలకి పోయి కూర్చునింది, అప్పట్నుంచి మనసు బాగాలేదు. మెడికల్ షాపులో నిద్రమాత్ర అడుగుదామా అనుకుంటా ఉండా.

చిత్తూరు_నర్సు:
అక్కా, ఆరేళ్ళు నైట్ డ్యూటీలు చేసినదాన్ని, మీ బాధ నాకు తెలుసు. డాక్టర్ రాయకుండా మాత్ర కొనొద్దు, కొన్ని అలవాటైపోతాయి, మానాలంటే ఇంకా కష్టం. ముందు ఆ ఆదివారం నిద్ర ఆపండి. 10కి లేస్తే ఆ రాత్రి 11కి నిద్ర ఎట్లా వస్తాది? రోజూ 6కే లేచి పాపను పంపినాక కాసేపు మిద్దెమీద వెలుతురులో నిలబడండి, ఒంట్లో గడియారం దానికే సర్దుకుంటాది. ఇంకోటి, పండుకుని 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే పొర్లాడొద్దు, లేచి బయటి రూములో చిన్న లైటు వేసుకుని ఉతికిన బట్టలు మడతపెట్టుకోండి, కళ్ళు మూతలు పడినప్పుడే మళ్ళీ మంచమెక్కండి. మంచమంటే ఫోను, షాపు లెక్కలు, దిగులు అని మెదడు నేర్చుకునేసింటాది, అది మాన్పించాల. ఇదంతా సీబీటీ-ఐ అనే, మాత్రల్లేకుండా ఆలోచనలు, అలవాట్లు మార్చి నిద్ర తెప్పించే పద్ధతిలో భాగం, పాత నిద్రలేమికి మాత్రలకంటే ముందు దీన్నే మొదలుపెట్టమని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ అనే డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది. మీకు మూడు నెలలైంది కాబట్టి డాక్టర్‌కి కూడా ఒకసారి చూపించుకోండి.

బైరాగిపట్టెడ_అన్న:
అమ్మా, షాపులో సాయంత్రం టీ ఎన్నింటికి తాగుతారు?

పాపవాళ్ళమ్మ_తిరుపతి:
7కి ఒకటి, 9కి ఒకటి అన్నా. లేకుంటే తలనొప్పి.

బైరాగిపట్టెడ_అన్న:
అక్కడే ఉంది చూడండి. కెఫిన్ సగం దిగడానికే దాదాపు 5 గంటలు పడతాది, అంటే 9కి తాగిన టీలోని కెఫిన్ సగం రాత్రి 2కి కూడా ఒంట్లోనే ఉంటాది. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తాది కాబట్టి ముందు 9ది మానండి, వారం తర్వాత 7ది మధ్యాహ్నానికి జరుపుకోండి. రాత్రి అన్నం కూడా క్యారియర్ కట్టుకుపోయి షాపులోనే 8కి తినేయండి. మన ఊరి ఎండకి స్లాబు అర్ధరాత్రి దాకా వేడి దించదు, ఒళ్ళు చల్లబడితేగానీ నిద్ర పట్టదు, పైఅంతస్తు అయితే పొద్దుగూకినాక మిద్దెమీద నీళ్ళు చల్లండి. ఇంటికి రాగానే గోరువెచ్చటి నీళ్ళు పోసుకోండి, వెచ్చదనానికి చర్మంలోకి రక్తం వచ్చి లోపలి వేడి బయటికి పోతాది, నాకు దీంతోనే చాలా తేడా తెలిసింది.

చిత్తూరు_నర్సు:
అవునక్కా, ఇంకో మాట, గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటే అలవాట్లతో పోదు, పరీక్ష చేయించాల.

పాపవాళ్ళమ్మ_తిరుపతి:
రెండు వారాల తర్వాత రాస్తా ఉండా. ఫోన్ ఛార్జర్ వంటింట్లో పెట్టేసినా, 9 టీ మానేసినా, మొదటి మూడు రోజులు తల పగిలిపోయింది. మొన్న ఆదివారం 6కే లేస్తే ఏడుపొచ్చింది నిజంగా, కానీ ఆ రాత్రి పదకొండున్నరకే నిద్ర పట్టేసింది. వారంలో రెండు రోజులు ఇంకా రాదు, ఆ పూట లేచి బట్టలు మడతపెడతా ఉండా. నాకు గురక లేదు చెల్లీ, మా ఆయనకి ఉంది, మీరు చెప్పినట్టే మధ్యలో ఆగతాది. ఆయన్ని ఏ డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాల?

చిత్తూరు_నర్సు:
ఊపిరితిత్తుల డాక్టర్ లేదా చెవి ముక్కు గొంతు డాక్టర్ అక్కా. ఆయన ఊపిరి ఆగేటప్పుడు ఫోన్‌లో ఒక వీడియో తీసి పట్టుకుపోండి, చూపిస్తే డాక్టర్‌కి వెంటనే అర్థమవుతాది.