కొత్తగా ఆఫ్‌రోడ్ నేర్చుకోవాలి: ఉన్న స్ప్లెండర్ చాలా, పాత ఎక్స్‌పల్స్ కొనాలా?

కాణిపాకం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు పక్కన పల్లె, ఉద్యోగం తిరుపతిలో. వయసు 26. ఎనిమిదేళ్లుగా స్ప్లెండర్ నడుపుతున్నాను. తారు రోడ్డు మీద భయం లేదు గానీ మట్టిలో, ఇసుకలో, రాళ్లలో నాకు బండి అసలు రాదు. పోయిన నెల స్నేహితుడి ఎక్స్‌పల్స్ (మట్టి, రాళ్ల దారుల కోసం హీరో కంపెనీ చేసిన బండి) మీద వంక దాటబోయి నడిమధ్యలో నీళ్లలో కూర్చున్నాను. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న అవ్వలు ఒకటే నవ్వు. పరువు పోయింది గానీ మనసు మాత్రం ఆ వంకలోనే ఉండిపోయింది. చేతిలో లక్షకు కాస్త పైన ఉంది. పాత ఎక్స్‌పల్స్ చూసుకోనా, ఉన్న బండితోనే మొదలుపెట్టనా? ప్రాక్టీస్ ఎక్కడ చెయ్యాలి?

గుంతల రోడ్డు:
తిరుపతిలో ప్రతి రోడ్డూ ఆఫ్‌రోడ్డే తమ్ముడూ. ఇంటి నుంచి బయలుదేరు, చాలు.

ఎర్రమట్టి:
బండి సంగతి తర్వాత. ముందు బూట్లు కొను. నవ్వులాటకు చెప్పడం లేదు.

2021లో నేను ఎక్స్‌పల్స్ కొన్న మూడో వారం. నాగలాపురం వైపు ఒక రాళ్ల దారి. బండి ఆగి ఉంది. వేగం సున్నా. ఫోటో తీసుకుందామని ఆపి ఎడమ కాలు కింద పెట్టాను. పాదం కింద రాయి దొర్లింది. నూట యాభై కిలోలకు పైనున్న బండి నెమ్మదిగా, చాలా మర్యాదగా నా చీలమండ మీద పడుకుంది. కాలికి జాగింగ్ షూస్. ఎముక రెండు చోట్ల విరిగింది. ప్లేటు, ఆరు స్క్రూలు, నాలుగు నెలలు మంచం. ఇప్పటికీ చలికాలం పొద్దున్నే మెట్లు దిగితే కాలు గుర్తు చేస్తుంది. నాతో వచ్చిన ఏడుగురిలో ఆగింది ఒక్కడే, అది వేరే కథ.

కాబట్టి ఆఫ్‌రోడ్ బూట్లు, మోకాలి గార్డులు, ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్, చేతి గ్లోవ్స్. ఈ వరుసలో కొను. మిగిలిన డబ్బుతో బండి. మొదటి రెండు నెలలు స్ప్లెండర్ చాలు. తేలిక బండి, పడినా ఒక్కడివే లేపగలవు.

పాలక్యాన్:
బూట్లంట. ముప్ఫై ఏళ్లుగా పాలు పోస్తున్నాను. టీవీఎస్ ఎక్సెల్ మీద అటొక క్యాన్, ఇటొక క్యాన్. తెల్లారి నాలుగున్నరకు, వానలో, బంకమట్టి దిగుడులో, హవాయి చెప్పులతో. ఒక్క చుక్క పాలు ఒలికింది లేదు. మీరు ఆఫ్‌రోడ్ అంటారే, దాన్ని మేం రోడ్డు అంటాం. నేర్చుకోవాల్సింది బండి నాయనా, వేషం కాదు.

కాణిపాకం కుర్రోడు:
బూట్లు ఎంతవుతాయి అన్నా? ప్రాక్టీస్ ఎక్కడ చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

స్పోకు చక్రం:
శేషాచలం లోపల సూపర్ ట్రైల్స్ (అడవి దారులు) ఉన్నాయి బ్రో. తెల్లవారుజామున పోతే ఎవరూ ఉండరు.

మామండూరు:
ఈ సలహా మాత్రం వినొద్దు. అది 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. అనుమతి లేకుండా బండితో దూరితే వన్యప్రాణి రక్షణ చట్టం కింద కేసు. పైగా ఎర్రచందనం అడవి. చీకట్లో వీపున బ్యాగు వేసుకుని లోపల కనిపిస్తే నువ్వు ట్రైల్ కోసం వచ్చావని ఎవరు నమ్ముతారు? పలమనేరు వైపు కౌండిన్య అడవీ అంతే. అక్కడ ఏనుగులు కూడా ఉన్నాయి, వాటికి హారన్ అంటే గిట్టదు.

రేణిగుంట రైడర్:
నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఎక్స్‌పల్స్ 200 సీటు ఎత్తు దాదాపు 825 మి.మీ. షోరూంలో "మేడం, మీకు స్కూటీ చూపించమంటారా" అన్నారు. ఇప్పుడు మూడేళ్లుగా అదే బండి నడుపుతున్నాను. రెండు కాళ్లూ నేలకు ఆనాల్సిన పని లేదు. ఆపేటప్పుడు సీటు మీద ఒక పక్కకు జరిగి ఒక్క కాలు గట్టిగా పెడితే చాలు. ఏ కాలు పెట్టాలో ముందే చూసుకోవాలి, పల్లం వైపు పెట్టావా పడ్డావే. ఎర్రమట్టి గారికి జరిగిందీ అదే అనుకుంటాను. అది బూట్ల తప్పు కాదు, చోటు చూడకపోవడం.

ఎర్రమట్టి:
అమ్మా, పల్లం కాదు. చదును నేలే. రాయి కదిలింది. నేను రాసింది మళ్లీ చదవండి.

పాలక్యాన్ గారూ, మీ అనుభవాన్ని తక్కువ చెయ్యను. కానీ ఎక్సెల్ వేరు, ఇది వేరు. ఎక్సెల్‌కు గేర్లు లేవు, కాలితో నొక్కే పనే తక్కువ. బరువు కింద ఉంటుంది, తేడా వస్తే రెండు కాళ్లూ దించి నడిపించేయవచ్చు. ఈ బండ్ల మీద రాళ్లలో మనం నిలబడి నడపాలి. పాదం ముందు భాగం ఫుట్‌పెగ్ (కాలు పెట్టే కడ్డీ) మీద, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవాలి, మోచేతులు వదులుగా ఎత్తి ఉంచాలి, చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, పది పదిహేను మీటర్ల దూరంలో. రాయినే చూస్తే చక్రం దాని మీదికే పోతుంది. బండి కింద ఎగురుతుంటే మోకాళ్లు వంగి ఆ కుదుపును మింగాలి. గంట సేపు అలా నిలబడిన పాదానికి హవాయి చెప్పు ఏం ఆసరా ఇస్తుంది?

పాలక్యాన్:
ఆ ఇనుప బూటు వేసుకుంటే గేరు పడిందో లేదో కాలికి ఎట్లా తెలుస్తుంది? అది చెప్పండి ముందు.

ఎర్రమట్టి:
ఇనుము కాదు. గట్టి ప్లాస్టిక్, తోలు. మొదటి వారం తెలియదు, ఒప్పుకుంటాను. గేరు లివర్‌ను దాని ఇరుసు మీద ఒక గాడి పైకి తిప్పి బిగిస్తే బూటు ముక్కు దాని కిందికి సులభంగా దూరుతుంది. ఐదు నిమిషాల పని.

పాలక్యాన్:
చూశారా. కాలికి బూటు కొను, బూటు కోసం లివర్ తిప్పు. రేపు బూటు కోసం బండి మార్చమంటారు.

గుంతల రోడ్డు:
ఎల్లుండి బూటు కోసం కాలు మార్చమంటారు.

స్పోకు చక్రం:
డాకార్ అనే ఎడారి ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్. అంతటివాడే 2021లో సౌదీలో పడితే డాక్టర్లు కోమాలో ఉంచాల్సి వచ్చింది. ఇక మీ బూట్లేం కాపాడతాయి?

ఎర్రమట్టి:
బూట్లు తలకు వేసుకోరు.

రేణిగుంట రైడర్:
సంతోష్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆయన కోలార్ వైపు పెట్టిన బిగ్‌రాక్ డర్ట్‌పార్క్‌లో కొత్తవాళ్లకు శిక్షణ ఉంది. చిత్తూరు వాళ్లకు పలమనేరు, ముళబాగిలు మీదుగా సూటి దారి. బండి, గార్డులు, బూట్లు అక్కడే అద్దెకు ఇస్తారేమో ముందు ఫోన్ చేసి కనుక్కో తమ్ముడూ. లక్ష రూపాయలు ఖర్చుపెట్టే ముందు రెండు రోజులు నేర్చుకుని, ఇది నాకు నచ్చుతుందా లేదా అని తేల్చుకోవడం మేలు. మా ఆఫీసులో ఇద్దరు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండ్లు కొన్నారు. రెండూ అపార్ట్‌మెంట్ సెల్లార్లో ధ్యానం చేసుకుంటున్నాయి.

పాలక్యాన్:
బండి నడపడానికి కోలార్ పోయి ఫీజు కట్టాలి. బాగుంది. మా ఊరికి రమ్మనండి, పొద్దున రెండు క్యాన్లు కట్టి ఇస్తాను, ఊరికే నేర్పిస్తాను.

ఎర్రమట్టి:
మీరు ముప్ఫై ఏళ్లలో పడలేదంటే సంతోషం. కానీ అదృష్టాన్ని అనుభవం అనుకోకండి. మీ మాట విని ఈ అబ్బాయి చెప్పులతో పోయి కాలు విరగ్గొట్టుకుంటే ఆసుపత్రి బిల్లు మీరు కడతారా? తెలియని విషయంలో మొండిగా మాట్లాడటం పల్లెల్లో మామూలే, ఇక్కడికి కూడా తేకండి.

పాలక్యాన్:
పల్లెల్లో మామూలేనా? సరే. ఇప్పుడు చెబుతా, వినండి.

పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం. పదకొండు బండ్లు. అందరికీ బూట్లున్నాయి. మోకాళ్లకు, గుండెకు, వీపుకు అన్నిటికీ కవచాలే. మా మామిడి తోపు పక్క గెనిమ (పొలం గట్టు) మీద ఒకడి వెనక ఒకడు ఎగిరి దూకుతున్నారు. ఒకడు దూకితే ఇంకొకడు వీడియో. గెనిమ కోసుకుపోయింది. మలుపు చాలక తోపులోకి దిగి తిరిగారు. నా డ్రిప్ పైపులు మూడు సాళ్లలో తెగిపోయినాయి. ఆ రోజు నాకు తెలియలేదు. మూడో రోజు కొత్తగా నాటిన మొక్కలు వాడిపోయి ఉంటే అప్పుడు చూసుకున్నా. పదిహేడు మొక్కలు పోయినాయి. అసలే ఆ ముందు సంవత్సరం మామిడికాయకు ధర లేక ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరులో రెండు రాత్రులు పడుకున్నవాణ్ని.

చెయ్యెత్తి ఆపమన్నా. ఆఖరి బండి వాడు నా పక్కనుంచే పోయాడు. అద్దం దించుకుని ఉన్నాడు, ముఖం కూడా కనపడలేదు. నాకు కనపడింది ఆ తెల్ల బూట్లే.

మీకు కాలు విరుగుతుందన్న భయం ఉంటే కాస్త మెల్లగా పోతారు. ఆ భయం తీసేశారు, ఇంక మా గెనిమ మీద కాకుండా ఎక్కడ దూకుతారు?

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. "పల్లెల్లో మామూలే" లాంటి మాటలు ఇంకోసారి వస్తే చర్చ మూసేస్తాను.

ఎర్రమట్టి:
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాదే.

కానీ ఆ పదకొండు మందిలో నేను లేను. నేను కాలు విరిగిన రోజు నుంచి గుంపుతో పోవడమే మానేశాను. ఎవరో చేసిన దానికి బూట్లను తిడితే ఎలా? వాళ్లు పట్టా భూమిలోకి దిగారు, అది నేరమే, పోలీసు కంప్లైంట్ ఇవ్వాల్సింది. బండి దారి మీద మాత్రం ఎవరైనా పోవచ్చు కదా. అది పంచాయతీ దారి.

పాలక్యాన్:
ఏ పంచాయతీ? మా నాయన, మా చిన్నాయన చెరొక ఆరడుగులు వదిలితే ఆ దారి వచ్చింది. ఊరి ఎద్దుబండ్లు తిప్పలేక ఇబ్బంది పడుతున్నాయని వదిలారు. కాగితం లేదు, కొల్చింది లేదు. మీ బోటివాళ్లు పోవద్దని నేను అనలేదు. దారిలో పోవడం వేరు, దారిలో ఆడుకోవడం వేరు. పోయేవాడికి అవతల ఒక ఊరు ఉంటుంది. ఆడుకునేవాడు అక్కడక్కడే ఇరవైసార్లు తిరుగుతాడు, ఆ తర్వాత వానకు అది దారి కాదు, కాలువ.

ఎర్రమట్టి:
అంటే నేను నిదానంగా, ఒక్కణ్నే, ఏదీ తొక్కకుండా పోయినా మీకు అభ్యంతరమేనా? నాకు అవతల ఊళ్లో పని లేకపోతే ఆ దారిలో కాలు పెట్టకూడదా? అదెక్కడి న్యాయం? మీరు తిరుపతి వచ్చి పని లేకుండా మా వీధిలో నడిస్తే నేను అడుగుతానా?

పాలక్యాన్:
మీ వీధి తారు మీద నా చెప్పు గుర్తు పడదు కదా.

రేణిగుంట రైడర్:
ఇద్దరూ రెండు రోజులుగా బూట్ల గురించి కొట్టుకున్నారు. గొడవ కాలికి ఏం తొడగాలన్నది కాదు, ఆ కాలు ఎక్కడ పెట్టాలన్నది. అది ముందే అడిగి ఉంటే సగం టైపింగ్ తప్పేది. ఎర్రమట్టి గారూ, నిజం చెప్పండి, మీరు ఎప్పుడైనా దారి పక్క ఇంటి దగ్గర ఆగి అడిగారా? నేను మొదటి ఏడాది ఒక్కసారి కూడా అడగలేదు.

ఎర్రమట్టి:
లేదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. అడిగితే వద్దంటారని కూడా అనుకోండి.

మామండూరు:
స్వర్ణముఖిలో నీళ్లు లేనప్పుడు ఇసుకలో చేసుకోవచ్చు కదా, ఎవరి పొలమూ కాదు.

ఎర్రమట్టి:
కొత్తవాడికి ఇసుక వద్దు. వేగం తగ్గిస్తే ముందు చక్రం కూరుకుపోతుంది, పెంచాలంటే ధైర్యం చాలదు. బరువు వెనక్కి వేసి, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టుకుని, హ్యాండిల్ అటూ ఇటూ ఊగినా ఊగనివ్వాలి. అది ఆర్నెల్ల తర్వాతి పాఠం.

తమ్ముడూ, నువ్వు ముందు గట్టి నేల చూసుకో. రెండు ఇటుకలు పది అడుగుల దూరంలో పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె తిరుగు. ఫస్ట్ గేరు, క్లచ్ మీద రెండు వేళ్లు, కాలు దించకుండా. అది వచ్చాక అదే నిలబడి చెయ్. తర్వాత బండిని కావాలని పడుకోబెట్టి లేపడం నేర్చుకో. హ్యాండిల్ తిప్పి, వీపు సీటుకు ఆనించి, తొడల బలంతో వెనక్కి నడుస్తూ లెయ్యాలి, నడుముతో కాదు. కుడివైపు పడితే లేపక ముందే సైడ్ స్టాండ్ తెరిచి ఉంచి, గేరులో పెట్టుకో, లేకుంటే లేచిన బండి అవతలికి పడుతుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించు, మరీ తగ్గిస్తే మాత్రం రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చర్.

కాణిపాకం కుర్రోడు:
థాంక్స్ అన్నా. మా మామకు బంగారుపాళెం దగ్గర ఎకరంన్నర బీడు ఉంది, రెండేళ్లుగా ఏమీ వెయ్యలేదు. నిన్న ఫోన్ చేసి అడిగాను. "తొక్కుకో, తొక్కితే జిల్లేడన్నా పోతుంది" అన్నాడు. స్ప్లెండర్‌తోనే మొదలుపెడతాను. బూట్లకు డబ్బు పక్కన పెట్టాను.

పాలక్యాన్ మామా, ఒకటి అడగనా? వానలో ఆ బంకమట్టి దిగుడు క్యాన్లతో ఎట్లా దిగుతారు? స్ప్లెండర్ మీద ఖాళీగా దిగుతుంటేనే నాకు గుండె జారుతుంది.

పాలక్యాన్:
రెండు క్యాన్లలో పాలు సమానంగా ఉండాలి. ఒకటి నిండుగా, ఒకటి సగం ఉంటే బండి బరువు వైపు లాగుతుంది. సగం క్యాన్‌లో పాలు ఊగుతాయి కూడా, మలుపులో మనం ఒకటనుకుంటే అవి ఒకటనుకుంటాయి. వెనక్కి జరిగి కూర్చో. దిగుడు మొదలవక ముందే వేగం చంపెయ్, మధ్యలో చంపుదామంటే కుదరదు. చక్రాన్ని గాడిలోనే పోనీ, గాడి గట్టు ఎక్కించబోతే జారుతుంది. ముందు బ్రేకు జోలికి పోవద్దు.

ఎర్రమట్టి:
అన్నీ బంగారం లాంటి మాటలు, ఆఖరిది తప్ప. దిగుడులో బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, పని చేసే బ్రేకు అదే. ఒక్క వేలితో మెల్లగా వాడాలి. వెనకది ఒక్కటే తొక్కితే చక్రం బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది.

పాలక్యాన్:
బంకమట్టిలో ముందు బ్రేకా? మీరెప్పుడైనా బంకమట్టి చూశారా?

ఎర్రమట్టి:
చూడటమేంటి, ప్లేటు వేయించుకున్న కాలితో దిగాను.

గుంతల రోడ్డు:
మళ్లీ మొదలు.