స్లాబుకు ముందే కమోడ్, కుళాయిలు, టైల్స్ తేల్చుకోవాలా?

ప్రశ్న (ఖమ్మం నుంచి):
నమస్తే అండీ. 200 గజాల్లో కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ కడుతున్నాం. కింద గోడలు లెంటల్ దాటాయి, త్వరలో స్లాబుకు సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద చెక్కలు, రేకులు బిగించడం) మొదలుపెడతారు. కమోడ్ మోడల్, కుళాయిలు, ఫ్లోరింగ్ ఇప్పుడే తేల్చమని ఇంజనీరు గారు అంటున్నారు. మేస్త్రీ ఏమో "ప్లాస్టరింగ్ అయ్యాక చూసుకోవచ్చమ్మా, ఇప్పుడే డబ్బులు ఇరికించుకోవద్దు" అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. కింద పోర్షన్‌లో అత్తగారు, మామగారు ఉంటారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడే ఏవి తేల్చాలి, ఏవి ఆగొచ్చు?

జవాబు (సైట్ ఇంజనీర్, విజయవాడ):
కొనడం తర్వాతైనా ఫర్వాలేదు మేడమ్, ఎంచుకోవడం మాత్రం ఇప్పుడే. గోడలోకి, నేలలోకి పోయేవాటి మోడల్ ముందే తెలియాలి. అద్దాలు, టవల్ రాడ్లు, లైట్ల డిజైన్లు, రంగులు నిదానంగా చూసుకోండి.

ముందు కమోడ్. నేల మీద కూర్చునే ఎస్-ట్రాప్ (పైపు నేలలోకి దిగే) రకంలో గోడ నుంచి పైపు మధ్యకు 225 మి.మీ. ఉండేవీ, 300 మి.మీ. ఉండేవీ దొరుకుతాయి. ఈ కొలత టైల్ వేసిన గోడ నుంచి లెక్క, ఇటుక గోడ నుంచి కాదు. ప్లంబర్ ఇటుక నుంచి 9 అంగుళాలు పట్టి పైపు పెట్టేస్తే, ప్లాస్టరింగ్, టైల్ కలిపి అంగుళానికి పైనే పోతుంది. తర్వాత కమోడ్ ట్యాంకు గోడకు తగిలి కూర్చోదు. అందుకే మోడల్ కొలతల కాగితం షాపులో అడిగి తీసుకుని, ప్లంబర్ చేతికే ఇవ్వండి. నోటిమాట వద్దు.

గోడకు వేలాడే కమోడ్ కావాలంటే ఇంకా ముందే చెప్పాలి. దాని ట్యాంకు, ఇనుప ఫ్రేము గోడలో దాగాలి. నాలుగున్నర అంగుళాల గోడను చెక్కి అందులో ఇరికించకూడదు, ముందు ఇంకో చిన్న గోడ కట్టాలి. బాత్రూమ్ అటువైపు దాదాపు అరడుగు తగ్గుతుంది. నాలుగడుగుల వెడల్పు బాత్రూమ్‌లో అది పెద్ద లెక్కే.

గోడలో దాగే షవర్ డైవర్టర్ (నీటిని కుళాయికో షవర్‌కో మళ్లించేది) బాడీ మీద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. దాని మీద కనీస లోతు, గరిష్ఠ లోతు గుర్తులు ఉంటాయి. టైల్ ముఖం ఆ రెండిటి మధ్యకు రావాలి. మరీ లోపలికి పోతే హ్యాండిల్ అందదు, మరీ బయటికి వస్తే చుట్టూ ఉండే బిళ్ల గోడకు ఆనదు. పైగా ఒక కంపెనీ బాడీకి ఇంకో కంపెనీ హ్యాండిల్ పట్టదు. గోడలు గాడి కొట్టే రోజుకు బాడీ సైట్లో ఉండాలి కాబట్టి ఇదొక్కటి ముందే కొనక తప్పదు.

పై అంతస్తులో పెద్ద రెయిన్ షవర్ అనుకుంటున్నారా? 10 మీటర్ల ఎత్తు నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మీ ట్యాంకు షవర్ కంటే రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, అంటే 0.2 నుంచి 0.3 బార్. ఆ ఒత్తిడికి రెయిన్ షవర్ బొట్టుబొట్టుగా కారుతుంది. ప్రెషర్ పంపు పెట్టాలంటే దానికి చోటు, కరెంటు పాయింటు, విడి లైను ఇప్పుడే డ్రాయింగ్‌లో వేయించండి.

జవాబు (వరంగల్ నుంచి):
అక్కా, ఫ్లోరింగ్ సంగతి మెట్ల దగ్గర తేలుతుంది. గ్రానైట్ సుమారు 18 మి.మీ., టైల్ అందులో సగం. కింద మాలు ఎంత వేస్తారన్నదీ కలిపి చూడాలి. కింద హాల్లో, పైన హాల్లో మొత్తం మూడేసి అంగుళాలు లేచి, మెట్ల మీద అంగుళంన్నరే వేస్తే మొదటి మెట్టు అంగుళంన్నర తగ్గిపోతుంది, చివరి మెట్టు అంతే పెరుగుతుంది. ఆరంగుళాల మెట్లలో ఒకటి నాలుగున్నర, ఒకటి ఏడున్నర! మా తమ్ముడి ఇంట్లో అదే జరిగింది, ఇప్పటికీ అందరూ అక్కడే తడబడతారు. మీ అత్తయ్యకు మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి మెట్లు పోసే ముందే ఈ లెక్క మేస్త్రీకి రాసివ్వండి. తలుపుల కింద సందు కూడా దీన్నిబట్టే.

జవాబు (వైరింగ్ పని, గుంటూరు):
స్లాబులో పైపులు పరిచాక మార్పులు కష్టం. ఫ్యాన్లు, లైట్ల పాయింట్లు సెంట్రింగ్ మీదే గుర్తు పెట్టించుకోండి. ఏసీ, గీజర్, మైక్రోవేవ్ ఎక్కడో తెలిస్తే ఆ చోట్లకు 16 ఆంప్స్ పాయింట్లు వేస్తాం. వంటింట్లో చిమ్నీ పైపుకు రంధ్రం కూడా గోడ కట్టేటప్పుడే వదిలించండి.

ప్రశ్న (ఖమ్మం నుంచి):
చాలా థాంక్స్ అండీ. మరి పై బాత్రూమ్‌లకు స్లాబు కిందికి దింపాలా? అత్తయ్య బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలకు ఏమైనా ముందే చేయాలా?

జవాబు (సైట్ ఇంజనీర్, విజయవాడ):
దింపకపోతే పైపులు కింది పోర్షన్ సీలింగ్‌కు వేలాడతాయి, ఫాల్స్ సీలింగ్‌తో కప్పాలి. రిపేరుకు అది సులువే గానీ కింద వంటగదో పూజగదో ఉంటే ఎవరూ ఒప్పుకోరు. దింపితే ఎంత లోతు అన్నది పైపుల వాలును బట్టి, బీముల లోతును బట్టి మీ స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి. కమోడ్, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) ఎక్కడ వస్తాయో గీసి ఆయనకివ్వండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు నింపి 48 గంటలు ఉంచి, కింద తడి లేదని చూశాకే ఆ గుంట పూడ్చనివ్వండి. పదునైన ఇటుక ముక్కలు, డెబ్రిస్ అందులో వేయనివ్వకండి. పూత చిరుగుతుంది.

కడ్డీల సంగతి బాగా అడిగారు. బోలు ఇటుకల గోడకు మామూలు స్క్రూలు నమ్మకంగా పట్టవు. కమోడ్ పక్కన, షవర్ దగ్గర కడ్డీ వచ్చే చోట గట్టి ఇటుక కట్టించండి లేదా కాంక్రీటు బిళ్ల పోయించండి. టైల్స్ వేసే ముందు ఆ చోట్లను టేపుతో కొలిచి ఫొటో తీసి పెట్టుకుంటే డ్రిల్ వేసే రోజు వెతుక్కోనక్కర్లేదు.