టీకా సూది వేసేటప్పుడు పాపను అదిమి పట్టుకోవడం తప్ప మరో దారి లేదా?

ప్రశ్న (ఒక తల్లి):
మా పాపకు వచ్చే వారం 16 నెలలు నిండుతాయి. డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు ఒకే రోజు వేస్తామని మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం గారు చెప్పారు. తొమ్మిదో నెల టీకా నాడు పాపను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మా ఆడపడుచు కాళ్లు, ఆయా చేతులు అదిమి పట్టుకున్నారు. నేను చూసి తట్టుకోలేనని నన్ను గుమ్మం బయటే ఉంచారు. ఇప్పుడు తెల్ల కోటు కనబడితే చాలు, పాప నా కొంగు పిడికిట బిగించి మెడలో ముఖం దాచుకుంటోంది. ‘‘ఒక్క క్షణం ఓర్చుకుంటే అయిపోయేదానికి ఇంత ఆలోచనా?’’ అని అత్తయ్య గారు అంటున్నారు. టీకా మానే ఉద్దేశం నాకు లేదు. మందులతో పని లేకుండా ఆ నొప్పిని కొంతైనా తగ్గించవచ్చా?

జవాబు (పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు):
తప్పకుండా తగ్గించవచ్చునమ్మా, అన్నిటికంటే ముందు మీరు గుమ్మం బయట ఉండకూడదు. టీకా నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో, బిడ్డను కన్నవారే ఎత్తుకుని ఉండాలన్నదీ, పాలు తాగే బిడ్డకు సూది వేసేటప్పుడు గానీ అంతకు కాస్త ముందు గానీ పాలివ్వాలన్నదీ ఉన్నాయి. పాపను ఒడిలో మీకేసి తిప్పి కూర్చోబెట్టుకుని, ఒక చేయి వీపు చుట్టూ వేసి, సూది వేసే కాలు గానీ చేయి గానీ మాత్రం కదలకుండా మరో చేత్తో ఆపండి; అది హత్తుకోవడంలా ఉండాలి గాని కట్టేసినట్లు ఉండకూడదు. రెండు సూదుల్లో ఎక్కువ నొప్పి పుట్టేదాన్ని చివర వేయమని ఏఎన్‌ఎం గారిని అడగండి, అడగడం తప్పేమీ కాదు. సూది వేసిన చోట రుద్దడాన్నీ, ముందుగానే జ్వరం మందు పట్టడాన్నీ ఆ సంస్థ సిఫార్సు చేయలేదు.

జవాబు (ఒక తండ్రి):
మా బాబుకు ఐదేళ్ల డీపీటీ బూస్టర్ నాడు ‘‘అసలు నొప్పే ఉండదు’’ అని నచ్చజెప్పి తీసుకెళ్లి నేను పొరపాటు చేశాను. సూది దిగగానే వాడు చేతి వైపు కాక నా ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ‘‘చురుక్కుమంటుంది, నేను పట్టుకునే ఉంటాను’’ అని ఉన్నమాట చెప్పి, సబ్బు నీటి బుడగలు ఊదించాను. మూడో బుడగ గోడకు తగిలి పగిలేసరికి పని అయిపోయింది.

ప్రశ్న వేసిన తల్లి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాలు తాగుతూ ఏడిస్తే పొలమారదా? అత్తయ్య గారు తేనె నాకిద్దామంటున్నారు, పరవాలేదా?

జవాబు (స్టాఫ్ నర్సు):
పొలమారుతుందని మీకు భయంగా ఉంటే ముందే పాలిచ్చి, సూది తీసిన వెంటనే మళ్లీ రొమ్ముకు పట్టుకోండి. తేనెతో ఈ నొప్పి తగ్గుతుందని నేను చెప్పలేను. ఏడాది దాటింది గనుక మీ పాపకు ప్రమాదం లేదు, అంతకంటే చిన్న బిడ్డలకు మాత్రం బొట్యులిజం (ఒక రకం సూక్ష్మజీవి విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు) వచ్చే అవకాశం ఉన్నందున చుక్క కూడా నాకించకూడదని అత్తయ్య గారికి చెప్పండి. వీలైతే ఆవిడనూ వెంట తీసుకెళ్లండి. పాప చూపు సూది మీద పడకుండా గిలక్కాయ ఆడించడానికి ఒక మనిషి కావాలి.