కడుపులో గాజుగుడ్డ: గడువు ఏ తేదీ నుంచి లెక్క?

సిజేరియన్ 2021 మార్చిలో జరిగింది. ఏడాది తిరక్కుండానే బొడ్డు కింద నొప్పి, వచ్చిపోయే జ్వరం. 2022 ఆగస్టు అల్ట్రాసౌండ్‌లో ‘సిస్ట్ కావచ్చు’ అని రాశారు, మందులు వాడాం. 2024 నవంబరు సీటీలో గాలి బుడగలతో స్పాంజిలాంటి గడ్డ, లోపల మెలికలు తిరిగిన తెల్లటి గీత కనిపించాయి. ఆ గీత మాప్‌లో (ఆపరేషన్‌లో రక్తం అద్దే గాజుగుడ్డలో) ఉండే, ఎక్స్‌రేలో కనిపించే దారం. డిసెంబరు 3న మరో ఆసుపత్రిలో ఆ గుడ్డను తీశారు. ఆపరేషన్ నోట్స్, ఫొటోలు, బయాప్సీ రిపోర్టు మా దగ్గరున్నాయి.

మొదటి ఆసుపత్రిని కేస్ షీట్, మాప్ కౌంట్ షీట్ (వాడిన మాప్‌ల లెక్క రాసే కాగితం) రాతపూర్వకంగా అడిగాం. 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటాయి, రికార్డులు లేవన్నారు. లాయర్ నోటీసుకు మాత్రం ‘కౌంట్ సరిపోయింది’ అని జవాబిచ్చారు! (లేని షీటులో లెక్క ఎలా చూశారో మరి.) పైగా 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు ఉన్న రెండేళ్ల గడువు 2023లోనే ముగిసిందంటున్నారు.

లోపం బయటపడిన రోజు నుంచే గడువు అన్నది మా వాదన. కానీ 2010లో సుప్రీంకోర్టు ఇలాంటి గాజుగుడ్డ కేసులోనే, ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆ సర్జన్‌ను సంప్రదించలేదంటూ ఫిర్యాదు కాలాతీతమని తేల్చింది. మేం మాత్రం ఊరుకోకుండా 2022లోనే స్కాన్ తీయించాం, అదొక్కటే తేడా.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, గడువును 2024 నవంబరు నుంచి లెక్కిస్తూ ఫిర్యాదు వేసేటప్పుడు, సెక్షన్ 69(2) కింద ఆలస్య మన్నింపు దరఖాస్తు కూడా జతచేయాలా, లేక అలా చేస్తే ఆలస్యమైందని మేమే ఒప్పుకున్నట్టవుతుందా?